డౌటు ఎటు మొగ్గుతుంది?



ఈ పూట మనం ఒక చిన్న ఇంగ్లీషు మాట గురించి ముచ్చటించుకుందాం. ఇంగ్లీషు మాట అన్నాను గదా అని ఇదేదో బడిపాఠం అనుకుని రేడియో కట్టేయకండి. ఈ మాట కాఫీలాగా, రైలులాగా మన ఇళ్ళలోకి ఏనాడో వచ్చి స్థిరపడిపోయింది. చదువుకున్నవారూ, చదువుకోనివారూ కూడా దాన్ని ధారాళంగా వాడుతూనే ఉన్నారు. ఆ మాట 'డౌటు'.

పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని మనకు డౌటు. ట్యూషన్‌కి వెళ్ళే పిల్లవాడికి లెక్కల్లో డౌట్లు. 'పండక్కి అల్లుడుగారు వస్తున్నారా?' అని పక్కింటావిడ అడిగితే, 'ఏమోనండీ, డౌటే' అంటాం. 'ఈ చీర రంగు పోతుందంటారా?' అంటే కొట్టువాడు 'డౌటే అక్కర్లేదమ్మా' అంటాడు. ఆ భరోసా ఎన్ని ఉతుకులు నిలుస్తుందో అది వేరే సంగతి! ఒక్క మాట చాలక కొందరు సరదాకి 'డౌటనుమానం' అని రెండూ జోడించి మరీ అంటారు. ఇంతగా మనదైపోయిన మాటకు అర్థమేమిటని అడిగితే, 'అదేముందీ, అనుమానం' అని టక్కున చెప్పేస్తాం. సరిగ్గా అక్కడే ఒక చిక్కుంది. ఆ చిక్కు వల్ల ఒక్కొక్కప్పుడు మనం చెప్పదలచుకున్నదానికి పూర్తిగా విరుద్ధమైన అర్థం ఎదుటివారికి అందుతుంది. అదెలాగో చూద్దాం.

రెండు తెలుగు వాక్యాలు చెబుతాను, జాగ్రత్తగా వినండి. ఒకటి: 'ఆయన ఇవాళ రావడం డౌటే.' రెండోది: 'ఆయన ఊరినించి వచ్చేశాడని నాకు డౌటు.' రెండింటిలోనూ ఉన్నది డౌటే. కాని మొదటి వాక్యం అన్నప్పుడు మన మనసు ఎటు మొగ్గుతోంది? రాడు అనే వైపుకి. రెండో వాక్యంలోనో? వచ్చేశాడు అనే వైపుకి. అంటే ఒకే మాట ఒకసారి 'కాదు' అనీ, ఇంకోసారి 'అవును' అనీ చెబుతోందన్నమాట. అయినా మనకు తికమక రాదు. ఎందుకంటే తెలుగులో ఆ తేడాను వాక్యం కట్టిన తీరే పట్టి ఇస్తుంది. 'రావడం డౌటే' అన్నప్పుడు చివర ఉన్న ఆ దీర్ఘం 'కాదు' వైపుకి లాగుతుంది. 'వచ్చాడని డౌటు' అన్నప్పుడు ఆ 'అని' అనేది 'అవును' వైపుకి లాగుతుంది. మనకు నేర్పినవాళ్ళెవరూ లేరు, పాలతోపాటు వచ్చిన విద్య ఇది.

ఇంగ్లీషువాళ్ళు ఈ పని ఒక్క మాటతో చెయ్యరు. దానికి వాళ్ళకు రెండు మాటలున్నాయి. 'డౌట్' అనేది ఒకటి, 'సస్పెక్ట్' అనేది ఇంకొకటి. త్రాసు ముల్లును తలచుకోండి. ముల్లు 'కాదేమో' వైపు వాలితే అది డౌట్. 'అవునేమో' వైపు వాలితే అది సస్పెక్ట్. 'ఐ డౌట్ ఇట్' అంటే 'నేను నమ్మను, అలా జరిగి ఉండదు' అని. 'ఐ సస్పెక్ట్ సో' అంటే 'అలాగే జరిగి ఉంటుందని నా ఉద్దేశం' అని. మనం రెండింటినీ అనుమానమనే ఒక్క బుట్టలో వేసి, ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు చేతికి ఏది ముందు తగిలితే దాన్ని తీసి వాడేస్తూ ఉంటాం. చేతికి ముందు తగిలేది ఎప్పుడూ డౌటే.

ఆ, ఇందులో కొంపలంటుకునేదేముంది అంటారా? ఒక సందర్భం ఊహించుకోండి. మన ఆడవాళ్ళలో చాలామంది ఇప్పుడు కూతురి పురిటికో, కోడలి పురిటికో అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉండి వస్తున్నారు. పగలు పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళితే ఇంట్లో ఉండేది అమ్మమ్మా, పసిగుడ్డూను. రెండు నెలల బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉంది, పాలు సరిగా తాగటం లేదు. అక్కడ ఏ జబ్బు చేసినా ముందు ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు మాట్లాడి, వెంటనే తీసుకురావాలా, రేపు వస్తే చాలా అన్నది చెబుతుంది. అమ్మమ్మగారు ధైర్యం చేసి ఫోన్ తీసి, 'ఐ డౌట్ బేబీ హేజ్ ఫీవర్' అన్నారనుకోండి. ఆవిడ ఉద్దేశం ఏమిటి? 'బిడ్డకు జ్వరం వచ్చిందేమోనని నాకు అనుమానంగా ఉందమ్మా' అని. ఆ నర్సుకు వినిపించేదేమిటి? 'బిడ్డకు జ్వరం లేదనుకుంటున్నాను' అని! 'అయితే మంచిదే, చూస్తూ ఉండండి' అని ఆవిడ ఫోన్ పెట్టేస్తే తప్పెవరిది?

ఇక్కడ ఒక్క సంగతి పక్కనే చెప్పుకోవాలి. మూడు నెలల లోపు పసిబిడ్డకు ఒళ్ళు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా వచ్చిందంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలని పిల్లల వైద్యులు చెబుతారు. అంత లేతబిడ్డల్లో జ్వరం ఒక్కటే పెద్ద జబ్బుకు మొదటి గుర్తు కావచ్చు. అలాంటి చోట ఒక్క మాట తల్లకిందులైతే అది వ్యాకరణ దోషంతో పోయేది కాదు.

మరి ఏమనాలి? 'ఐ థింక్ ది బేబీ హేజ్ ఫీవర్' అంటే చాలు. లేదా 'ఐ యాం అఫ్రైడ్ షి హేజ్ ఫీవర్' అనవచ్చు, జ్వరమొచ్చిందేమోనని భయంగా ఉందని దాని అర్థం. సస్పెక్ట్ అన్నా తప్పు లేదు. సస్పెక్ట్ అనగానే మనకు పోలీసులూ దొంగలూ గుర్తుకొస్తారు గాని, ఇంగ్లీషు డాక్టర్లు జబ్బుల విషయంలో వాడేది కూడా ఆ మాటే. 2020లో కరోనా వచ్చినప్పుడు 'సస్పెక్టెడ్ కేసు' అన్న మాట మనమంతా వినీ వినీ విసిగిపోయాం. మన పత్రికలు దాన్ని 'అనుమానిత కేసు' అని రాశాయి. అంటే ఆ జబ్బు ఉండవచ్చు అనిపించే మనిషి అని. దాన్ని 'డౌటెడ్ కేసు' అని ఇంగ్లీషులో ఎవ్వరూ అనరు. అంటే, జబ్బే అయివుండదని అర్థం వస్తుంది మరి. ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే రెండు మాటల తేడా మళ్ళీ మరచిపోరు.

ఇంతకూ ఈ రెంటినీ మనమెందుకు కలిపేశామంటారు? అందుకు అనుమానమనే మన మాటకున్న కథ కొంచెం తెలుసుకోవాలి. మన పూర్వులు తర్కశాస్త్రంలో ఈ మాటను వాడింది వేరే అర్థంలో. న్యాయదర్శనం వారు జ్ఞానం కలగడానికి నాలుగు మార్గాలు చెప్పారు. కంటితోనో చెవితోనో నేరుగా తెలుసుకోవడం ప్రత్యక్షం. ఒక గుర్తును పట్టుకుని కనబడనిదాన్ని తెలుసుకోవడం అనుమానం. పోలికతో తెలుసుకోవడం ఉపమానం. నమ్మదగిన వారి మాట వల్ల తెలుసుకోవడం శబ్దం. కొండ మీద పొగ కనబడింది, కాబట్టి అక్కడ నిప్పుందని తేల్చడం అనుమానానికి వాళ్ళిచ్చే ఉదాహరణ. కొండదాకా ఎందుకు, హాల్లో కూర్చుని బత్తాయి వలుచుకుంటూ ఉండగా మాడు వాసన వస్తే, 'అయ్యో పప్పు అడుగంటింది' అని లేచి పరుగెడతామే, అది అచ్చమైన అనుమాన ప్రమాణం. అందులో తటపటాయింపేమీ లేదు. పప్పు మాడిందన్నది ఖాయం!

తటపటాయింపుకు వాళ్ళు వేరే మాట పెట్టారు, సంశయం అని. గౌతముని న్యాయసూత్రాలు మొదట్లోనే పదహారు పదార్థాలను ఏకరువు పెడతాయి. అందులో మూడోది సంశయం. మునిమాపు వేళ దూరాన ఏదో నిలువుగా కనబడుతుంది. అది మోడా, మనిషా? మోడు లక్షణాలూ ఉన్నాయి, మనిషి లక్షణాలూ ఉన్నాయి. ఎటూ తేలదు. అదీ సంశయమంటే. చూశారా, శాస్త్రంలో సంశయం ఒక మెట్టు, అనుమానం ఇంకొక మెట్టు. తెలుగు వాడుకలోకి దిగివచ్చేసరికి ఈ అనుమానం తన హోదా పోగొట్టుకుని, సగం సంశయమూ, సగం ఎదుటివారి మీద నెట్టే నేరమూ అయి కూర్చుంది. 'అనుమానం పెనుభూతం' అని మన పెద్దవాళ్ళు సామెత చెప్పింది ఈ రెండో దాని గురించే గాని, పప్పు మాడిన వాసన గురించి కాదు.

ఇంగ్లీషు డౌటుకూ ఒక కథ ఉంది, అదీ చిత్రంగానే ఉంటుంది. ఇది లాటిన్ భాషనుంచి ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్‌లో దీని మూలానికీ, రెండు అనే అంకెకూ చుట్టరికం. మనసు రెండుగా చీలడం, ఇదా అదా అని ఊగడం అన్నమాట. జర్మన్ భాషలో సందేహానికున్న మాట కూడా రెండు అనే అంకెనుంచే పుట్టింది. మన అమరకోశం తిరగేసినా సరిగ్గా ఇదే కనబడుతుంది. సందేహానికి అమరసింహుడిచ్చిన మాటలు నాలుగు: విచికిత్స, సంశయం, సందేహం, ద్వాపరం. ద్వాపరమంటే యుగమని మాత్రమే మనకు తెలుసు. కాని అందులో ఉన్న 'ద్వి' అంటే రెండే గదా! భాషలు వేరైనా మనిషి మనసు ఊగే తీరు ఒక్కటే కాబోలు.

ఈ మాటలో ఒక అక్షరం పిల్లల ప్రాణం తీస్తుంది. రాసేటప్పుడు 'బి' రాయాలి, పలికేటప్పుడు పలకకూడదు. 'పలకని అక్షరం ఎందుకమ్మా?' అని మీ అబ్బాయి అడిగితే, సమాధానం ఉంది. ఫ్రెంచినుంచి వచ్చినప్పుడు ఇంగ్లీషులో దానికి ఆ 'బి' లేదు. తరువాతి రోజుల్లో లాటిన్ మీద భక్తి ముదిరిన పండితులు, మూలంలో ఉంది గనుక రాతలో ఉండి తీరాలని దాన్ని తెచ్చి ఇరికించారు. జనం మాత్రం వాళ్ళ మాట వినక పాతపద్ధతినే పలుకుతూ వచ్చారు. అప్పు అనే అర్థంలో వాడే 'డెట్' అన్న మాటలోని 'బి' సంగతీ అంతే. తప్పు పిల్లవాడిది కాదు, పండితులది!

ఇంకో విశేషం వినండి. పాత ఫ్రెంచిలోనూ, పాత ఇంగ్లీషు వాడుకలోనూ ఈ మాటకు భయపడటం అనే అర్థం కూడా ఉండేది. మనకూ అంతే. 'శంక' అంటే సందేహమూ అవుతుంది, భయమూ అవుతుంది. నిశ్శంకగా అంటే సందేహం లేకుండా అనీ, భయం లేకుండా అనీ రెండర్థాలూ వస్తాయి. 1600 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన హామ్లెట్ నాటకంలో, తండ్రి ప్రేతం తిరుగుతోందని విన్న రాజకుమారుడు ఏదో కుట్ర జరిగి ఉంటుందని శంకిస్తాడు. అక్కడ షేక్‌స్పియర్ వాడిన మాట డౌటే! స్కాట్లండులో ఇప్పటికీ మబ్బు పట్టిన ఆకాశాన్ని చూసి 'ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్' అంటే వాన పడేటట్టుంది అని అర్థం. కాబట్టి మన అమ్మమ్మగారు అన్నది వింత మాటేమీ కాదు. షేక్‌స్పియర్ అన్నదే ఆవిడా అన్నారు. అయితే ఫోన్ అవతల ఉన్న నర్సు షేక్‌స్పియర్ కాలం మనిషి కాదు గనుక, ఈ కాలపు ఇంగ్లీషులోనే చెప్పడం క్షేమం.

ఇక పిల్లల డౌట్ల దగ్గరకు వద్దాం. 'సార్, ఐ హేవ్ ఎ డౌట్' అని మన దేశంలో ఏ బడిలోనైనా పిల్లలు చెయ్యెత్తుతారు. ఇక్కడ డౌట్ అంటే ప్రశ్న. సందేహం అన్న మాటకు మనకు ఆ అర్థం అనాదిగా ఉంది. విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీగారు 'ధర్మసందేహాలు' చెబుతుంటే ఊరూవాడా విన్నది అందుకే గదా. జాబులు రాసినవారు ధర్మాన్ని నమ్మనివారు కాదు. తెలుసుకోవాలని అడిగినవారు. ఆ అలవాటే ఇంగ్లీషులోకి వెంట తెచ్చుకున్నాం. స్పెయిన్ దేశపు భాషలోనూ సందేహమనే మాటను ఇలా ప్రశ్న అనే అర్థంలో వాడతారు. అందుచేత ఇది తెలివితక్కువ ఇంగ్లీషని ఎవరైనా వెక్కిరిస్తే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మనలో మనం నిక్షేపంగా అనుకోవచ్చు.

కాని ఇంగ్లండు, అమెరికా దేశాల వాళ్ళ చెవికి 'ఐ హేవ్ ఎ డౌట్' అన్నది 'మీరు చెప్పినదాని మీద నాకు నమ్మకం లేదు' అన్నట్టు వినిపిస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మన అమ్మాయి పై అధికారిణి చెప్పినదంతా విని, వినయంగానే 'ఐ హేవ్ ఎ డౌట్' అందనుకోండి. ఆవిడ నొసలు చిట్లిస్తుంది. ఎందుకు చిట్లించిందో ఈ పిల్లకు తెలియదు. దానికి మందు సులువు. 'ఐ హేవ్ ఎ క్వశ్చన్' అంటే సరిపోతుంది.

ఇంకా రెండు మూడు వాడుకలు చెప్పుకుని ముందుకు వెళదాం. 'ఐ డౌట్' తరువాత 'వెదర్' గాని 'ఇఫ్' గాని వస్తుంది. వానావాతావరణం వెదర్ కాదు సుమండీ, 'అవునా కాదా' అనే వెదర్. 'ఐ డోంట్ డౌట్' అని కాదన్నప్పుడు మాత్రం 'దట్' వస్తుంది. 'నో డౌట్' అనే మాట మనవాళ్ళకు మహా ఇష్టం. ఇంగ్లీషులో అది వినగానే వెనకాల 'బట్' రాబోతోందని చెవులు సిద్ధంగా ఉంటాయి. 'పిల్ల చక్కనిదే, నో డౌట్' అని పెళ్ళిచూపులయ్యాక మగపెళ్ళివారన్నారంటే, 'కానీ' అన్నది గుమ్మంలో నుంచున్నట్టే. ఇక 'డౌట్‌ఫుల్' అంటే జరగకపోవచ్చు, తేలలేదు అని. 'డ్యూబియస్' అంటే ఏదో తిరకాసుంది, నమ్మదగినది కాదు అని. ఏడాదికి సొమ్ము రెట్టింపు చేస్తామంటూ గుమ్మంలోకి వచ్చే చిట్టీల కంపెనీకి తగినది ఈ రెండో మాట.

ఇక అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తాను. 'బెనిఫిట్ ఆఫ్ డౌట్' అన్న మాట మీరు వినే ఉంటారు. క్రికెట్‌లో బంతి తగిలిందో లేదో అంపైరుకు తేలకపోతే ఔటివ్వకుండా వదిలేసే ఆనవాయితీ ఉంది. కోర్టులోనూ అంతే. నేరం చేశాడని సమంజసమైన సందేహానికి తావులేకుండా ప్రభుత్వం తరఫువారు రుజువు చేయాలి. చేయలేకపోతే ముద్దాయిని వదిలేయాలి. అదే సమయంలో, అనుమానం ఎంత గట్టిదైనా రుజువుకు సాటిరాదని మన సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెబుతూ వచ్చింది. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చినా ఈ సూత్రం మారలేదు. ఇప్పుడు ఆలోచించండి. కోర్టులో ఆ రెండు మాటలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. సస్పెక్ట్ ముద్దాయిని బోనులోకి లాగుతుంది. డౌట్ అతన్ని బోనులోంచి దింపుతుంది. మనం రెండింటికీ కలిపి అనుమానం అంటున్నామే, అందులో ఒకటి మనిషిని పట్టిచ్చేది, ఇంకొకటి మనిషిని కాపాడేది!

ఇల్లు కోర్టు కాదు, నిజమే. కాని ఇంట్లోనూ తీర్పులు జరుగుతూనే ఉంటాయి. స్నానానికి వెళుతూ తీసిపెట్టిన ఉంగరం కనబడలేదు. ఆ పూట గదిలోకి వెళ్ళింది పనిమనిషి ఒక్కతే. వెంటనే మన నోట వచ్చేదేమిటి? 'అది తీసిందని నాకు డౌటుగా ఉంది' అని. ఆ మాట మెల్లగానే అంటాం. పక్కింట్లో చెబుతాం. వాళ్ళింట్లోనూ ఆమే పనిచేస్తుంది. సాయంత్రానికి ఆ వీధిలో నాలుగిళ్ళ పని పోతుంది. ఆ ఉంగరం మూడో రోజున పరుపు సందులోనో, సబ్బుపెట్టె కిందనో దొరుకుతుంది. మనం 'అమ్మయ్య' అనుకుని వేలికి పెట్టుకుంటాం. పోయిన ఉంగరం మనకు తిరిగొచ్చింది. ఆమెకు పోయిన పేరు ఎవరు తెచ్చిస్తారు? ఆమె తరఫున వాదించడానికి వకీలు లేడు, వినడానికి జడ్జీ లేడు. మనమే ఫిర్యాదీ, మనమే సాక్షి, మనమే తీర్పు!

అలాంటప్పుడు మన తెలుగులో ఉన్న ఆ చిన్న దీర్ఘాన్ని గుర్తు తెచ్చుకోండి. 'తీసిందని డౌటు' అన్నది ఒక వాక్యం. 'తీసిందంటే నాకు డౌటే' అన్నది ఇంకో వాక్యం. ఒకదాంట్లో ఆమె దొంగ. రెండోదాంట్లో ఆమె మన ఇంటికి పదేళ్ళుగా వచ్చిపోతున్న మనిషి. మనకు తెలిసినది రెండు సందర్భాల్లోనూ ఒక్కటే, ఉంగరం కనబడలేదని. తెలియనిదాన్ని ఎటు మొగ్గనిస్తామన్నది మన చేతిలో ఉన్న పని. ముందు పరుపు దులిపి చూసి, తరువాత మాట్లాడితే మన సొమ్మేమీ పోదు.

ఇదే సంగతి మన ఆడవాళ్ళకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. భార్య ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడితే అనుమానం, ఆఫీసునుంచి అరగంట ఆలస్యంగా వస్తే అనుమానం అన్న సంసారాలు మనం చూడనివి కావు. అక్కడ మగవాడు 'ఎందుకాలస్యమైంది?' అని అడిగితే అది సందేహం. ఒక జవాబుతో తీరుతుంది. అడక్కుండా లోపల దాచుకుని గుర్తులు ఏరుకుంటూ ఉంటే అది అనుమానం. దానికి ఏ జవాబూ చాలదు. షేక్‌స్పియర్ ఒథెల్లో నాటకంలో ఒక చేతిరుమాలును పట్టుకుని భర్త ఇల్లాలి ప్రాణం తీశాడు. ఆ రుమాలు పరాయివాడి చేతికెలా వెళ్ళిందో నిదానంగా విచారించి ఉంటే కథ వేరుగా ఉండేది. సందేహానికి నోరుంది. అనుమానానికి కళ్ళు మాత్రమే ఉన్నాయి. పొగను చూసి నిప్పును పోల్చుకోమన్నారు గాని, మంచును చూసి కూడా పొగ అనుకోమని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

'సంశయించేవాడు చెడతాడని భగవద్గీతలోనే ఉంది గదా, మరి సందేహాలు మంచివంటారేమిటి?' అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. నిజమే, నాలుగో అధ్యాయంలో ఆ మాట ఉంది. ఆ వెంటనే జ్ఞానమనే కత్తితో సంశయాన్ని ఖండించమనీ ఉంది. కాని అంత విన్న అర్జునుడు నోరు మూసుకుని ఊరుకున్నాడా? ఆరో అధ్యాయంలో మళ్ళీ లేచి, నా ఈ సంశయాన్ని నువ్వే తీర్చాలి కృష్ణా అన్నాడు. అలా అడుగుతూ అడుగుతూ పద్ధెనిమిదో అధ్యాయం చివరకు వచ్చాకే సందేహం పోయిందన్నాడు. ఆయన అడగకపోతే మనకు గీతే లేదు. చెడేవాడు అడిగేవాడు కాదు, అడక్కుండా మనసులో పెట్టుకుని ఊగిసలాడేవాడు.

అందుకని, పిల్లలు డౌట్లు అడిగితే, ముఖ్యంగా ఆడపిల్లలు అడిగితే, 'నీకెందుకే ఆ గొడవ' అని నోరు మూయించకండి. మీరూ మూసుకోకండి. డాక్టరు చీటీ రాసిస్తే, ఈ మందు దేనికి, ఎన్నాళ్ళు వాడాలి అని అడగండి. బ్యాంకులో సంతకం పెట్టమంటే, ఇదేం కాగితమని అడగండి. పోలీసులమని ఫోన్ చేసి డబ్బు పంపమంటే, ఫోన్ పెట్టేసి ఇంట్లోవాళ్ళను అడగండి. ఇవన్నీ డౌట్లే, అందులో చిన్నతనమేమీ లేదు.

మాట చివరికి వచ్చాను. బిడ్డకు జ్వరమనిపిస్తే 'ఐ థింక్' అనండి. తెలియనిది అడగాలనుకుంటే 'ఐ హేవ్ ఎ క్వశ్చన్' అనండి. నమ్మబుద్ధి కానప్పుడు 'ఐ డౌట్ ఇట్' అనండి. ఇంగ్లీషుకు ఇంతే చాలు. తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం, ఒక మనిషి పేరు పక్కన డౌటు అన్న మాట చేర్చబోయే ముందు, ఆ ముల్లు ఎటు వాలుతోందో ఒక్క క్షణం ఆగి చూసుకోండి.